పంపు తీసి గట్టున పెట్టాక: ఆరేళ్ళ ఈత

టైప్ 1 షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్ళు, ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కించే చిన్న మిషన్, అదే ఇన్సులిన్ పంపు, నడుముకెక్కి ఆరేళ్ళు. వారంలో నాలుగు రోజులు పొద్దున్నే ఈతకి వెళ్తాను. “నీళ్ళలో మిషన్ పాడవదా?” అని చూసిన ప్రతివాళ్ళూ అడుగుతారు. నా పంపు మీద ఐపీఎక్స్8 అని ఉంది. మీటరుకు మించిన లోతులో, కంపెనీ చెప్పినంతసేపు మునిగి ఉన్నా నీరు చేరదని దానర్థం. ఆ హామీ కొత్త పంపుకి. నాది రెండుసార్లు బాత్రూంలో కిందపడి, బ్యాటరీ మూత దగ్గర వెంట్రుకంత బీట తీసింది. అందుకే తీసేసే దిగుతాను.

తీయడం క్షణంలో పని. తిప్పలన్నీ ఆ తర్వాతే. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. బేసల్, అంటే రోజంతా కొద్దికొద్దిగా వెళ్ళే ఇన్సులిన్, ఆగితే ఒంట్లో వెనక కాపుండే ఇన్సులిన్ ఇంకోటి ఉండదు. మొదటి ఏడాది ఓ ఆదివారం ఈత అయ్యాక కబుర్లలో పడి మూడు గంటలు పంపు మాటే మర్చిపోయాను. ఇంటికొచ్చేసరికి షుగర్ 318, కడుపులో ఒకటే తిప్పడం, పైగా కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు). ఆ దెబ్బతో గంట దాటనివ్వడం మానేశాను.

తీసేముందు ఇన్సులిన్ ఆపే సస్పెండ్ నొక్కాలి. నేను చాలాకాలం నొక్కలేదు. ఒంటికి అతికించిన సెన్సర్ చూపే షుగర్‌ని బట్టి తనంతట తానే డోసు ఇచ్చే ఆటో మోడ్‌లో ఉన్న పంపు ఇన్సులిన్‌ను టవల్ మీద కారుస్తూ, అదంతా నా ఒంట్లోకే వెళ్ళిందని లెక్క రాసుకునేది. తర్వాత టిఫిన్‌కి డోసు తక్కువ చూపించేది. తప్పు నాదే, తిట్లు మాత్రం పంపుకి.

ఇప్పుడు దిగడానికి గంట ముందే పంపులో షుగర్ టార్గెట్ 150కి మారుస్తాను. ఇడ్లీలు తిని పూర్తి బోలస్ (తిండికి వేసుకునే డోసు) వేసుకుని దిగడం మాత్రం చేయను. ఒకసారి అలాగే దిగితే ఇరవై నిమిషాల్లో 58కి పడిపోయింది. మామూలుగా షుగర్ పడిపోతే నాకు ముందు చెమట పడుతుంది. నీళ్ళలో చెమటెక్కడ తెలుస్తుంది? చేతులు బరువెక్కితే అలసటనుకున్నాను. సెన్సర్ సిగ్నల్ కూడా నీళ్ళలోంచి బయటికి రాదు. అందుకే ఇరవై నిమిషాలకోసారి గట్టెక్కి చూసుకుంటాను. సీసాలో మూడు చెంచాల గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు రెడీగా ఉంటాయి. ఆ పొడి అంటిన వేలినే గుచ్చి, మీటర్‌లో 340 చూసి హడలిపోయిన రోజూ ఉంది! వేలు కడిగి మళ్ళీ చూస్తే 112.

క్లోరిన్‌కి చర్మం పొడిబారుతుందని అమ్మ కొబ్బరినూనె రాసుకోమనేది. రాసుకున్న రోజే సెన్సర్ ప్లాస్టర్ ఊడి నీళ్ళలో తేలింది. నూనె ఈత అయ్యాకే, అదీ అతికించిన చోటు వదిలేసి. పైన స్పోర్ట్స్ టేపు వేస్తే వారం ఆగుతోంది. పంపు మాత్రం ఎండలో పెట్టకూడదు, ఇన్సులిన్ వేడికి పాడవుతుంది. మే నెలలో నాది తడిగుడ్డ చుట్టిన సంచిలో, నీడలో ఉంటుంది.

ఈత కొట్టిన రోజు రాత్రి రెండింటికి షుగర్ పడిపోవడం నాకు ఇప్పటికీ ఉంది. మా డాక్టరు గారి సలహాతో, ఆటో మోడ్ వాడని రాత్రుల్లో బేసల్ 20 శాతం తగ్గిస్తున్నాను. ఈ మధ్య రాత్రుళ్ళు అలారం మోగడం తగ్గింది. మా ఆవిడ నిద్ర కూడా బాగుపడింది.