వెనక గోడ మీద కథ: ‘వాచ్‌మెన్’ ఏళ్ల తరబడి చదివాక

నా దగ్గరున్న కామిక్స్‌లో ఇన్నిసార్లు తెరిచిన పుస్తకం ఇంకోటి లేదు. కథ ఎప్పుడో నోటికి వచ్చేసింది. ఇప్పుడు తెరిచేదంతా వెనకాల ఉన్నవాటి కోసమే. గోడ మీద పోస్టర్, రోడ్డు పక్కన ఎగిరిపోతున్న పేపరు, దుకాణం బోర్డు, తాళాల కంపెనీ పేరు. సూపర్‌హీరో కామిక్స్‌లో ఇలాంటి గుర్తులు దాచిపెట్టడం కొత్తేమీ కాదు. కానీ చాలా పుస్తకాల్లో అవి కనిపెట్టినా కనిపెట్టకపోయినా కథకు తేడా రాదు. ఇందులో వస్తుంది. ఇన్నేళ్లు చదివాక నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1986, 87లలో 12 సంచికలుగా వచ్చిన కథ ఇది. అలన్ మూర్ రాశాడు, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేశాడు, జాన్ హిగ్గిన్స్ రంగులద్దాడు. ఇప్పుడు దొరికేది ఆ పన్నెండూ కలిపిన ఒకే పుస్తకం, నాలుగొందల పేజీలకు పైనే ఉంటుంది. కథ జరిగేది 1985లో, న్యూయార్క్‌లో. అయితే అది ముసుగు హీరోలు నిజంగా తిరిగిన న్యూయార్క్. ఎప్పుడో దిగిపోవాల్సిన నిక్సన్ ఇంకా అమెరికా అధ్యక్షుడిగానే ఉంటాడు, ఆకాశంలో ఎయిర్‌షిప్పులు పోతుంటాయి, కార్లు కరెంటుతో నడుస్తుంటాయి. ఈ సంగతులేవీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఒక పాత హీరోను ఎవరో చంపేశారు, ఎవరన్నది పైకి నడిచే కథ. ఆ లోకం అలా ఎందుకు తయారైందన్నది మాత్రం బొమ్మల వెనకాల మనమే ఏరుకోవాలి.

అనంతపురంలో కామిక్స్ షాపులు లేవు. మాకు ఈ హీరోలు టీవీలో, సినిమా హాల్లో పరిచయం. నా కాపీ బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులో కొన్నాను. అదే రోజు ‘కింగ్‌డమ్ కమ్’ కూడా తెచ్చుకున్నాను. మార్క్ వైడ్ రాస్తే అలెక్స్ రాస్ రంగులతో పెయింట్ చేసిన 1996 నాటి కథ అది. బొమ్మలు చూస్తే కళ్లు చెదురుతాయి. అందులో నార్మన్ మెక్‌కే అనే పాస్టర్ పాత్రకు రాస్ తన తండ్రినే మోడల్‌గా పెట్టుకున్నాడు, ఆయన నిజంగానే చర్చి పాస్టర్. ఒక్కో పేజీలో పదుల మంది హీరోలు, వాళ్ల పిల్లలు, పాత వేషాలు, పాత అట్టల పోజులు. కానీ ఆ గుంపులో ఎవరు ఎవరో తెలియాలంటే అంతకుముందు యాభై ఏళ్ల కామిక్స్ చదివుండాలి. 1938లో సూపర్‌మ్యాన్ కారు ఎత్తిన అట్టబొమ్మ తెలిసినవాడికి దాన్ని గుర్తుచేసే ప్రతి బొమ్మా పండగే. మనలాంటివాళ్లకు అది ముక్కూముఖం తెలియని పెళ్లిలో కూర్చున్నట్టు ఉంటుంది.

‘వాచ్‌మెన్’లో ఆ ఇబ్బంది లేదు. చార్ల్‌టన్ అనే కంపెనీ నుంచి, ఈ పుస్తకం వేసిన డీసీ కంపెనీ కొన్న పాత హీరోలతో ఈ కథ నడపాలని మూర్ మొదట అనుకున్నాడు. అది కుదరక కొత్త పాత్రలు పుట్టాయి. మనకది వరమైంది. ఇందులో హీరోలందరూ అందరికీ కొత్తవాళ్లే. వెనక గోడ మీద ఏ గుర్తు కనిపించినా దాని జవాబు చాలావరకు ఈ పుస్తకంలోనే ఇంకో పేజీలో ఉంటుంది. న్యూయార్క్‌లో పుట్టి పెరిగినవాడూ, మా అనంతపురం కమలానగర్‌లో మిద్దె మీద కూర్చుని చదివేవాడూ ఒకే గీత దగ్గర మొదలవుతారు.

మొదటి పేజీయే తీసుకోండి. పసుపు నవ్వు బిళ్ల మీద నెత్తుటి చుక్క, అక్కణ్నుంచి చూపు మెల్లగా పైకి పోతుంది. పేవ్‌మెంట్ మీది నెత్తురు కడుగుతుంటే, లోకం అంతం దగ్గరపడిందని రాసిన బోర్డు పట్టుకుని ఒక మనిషి అందులో నుంచే నడిచిపోతాడు. అతని బూటు జాడలు ఎర్రగా పడతాయి. అంతే, మళ్లీ కథ పై అంతస్తుకు వెళ్లిపోతుంది. ఆ మనిషి తర్వాత కూడా చాలాచోట్ల వెనకాల కనిపిస్తుంటాడు. మా అక్క కొడుకు చదువుతూ రెండో అధ్యాయమో మూడోదో చేరాక అరిచాడు: “మామా, ఈ బోర్డు పట్టుకున్నోడు మల్లా వచ్చినాడు సూడు!” నేను పలకలేదు. అతనెవరో ఇక్కడా చెప్పను. అది తెలిసిన రోజు వెనక్కి తిప్పి మొదటి పేజీ చూసుకుంటే, ఆ బొమ్మల మీద నడిచే డైరీ రాతకు ఇంకో అర్థం వస్తుంది. ఆ ఆనందం మీ చేతికే దక్కాలి.

తాళం సంగతి చెప్పాలి. కథ మొదట్లోనే డాన్ అనే రిటైరైన హీరో ఇంటి తలుపును ఒకడు విరగ్గొడతాడు. బాగుచేయడానికి వచ్చే కంపెనీ పేరు గోర్డియన్ నాట్. తమాషాగా పెట్టిన పేరు అనుకుని దాటేస్తాం. ఆ తలుపు మళ్లీ విరుగుతుంది, అదే కంపెనీ మళ్లీ కనిపిస్తుంది. పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి ఒక పాత్ర అలెగ్జాండర్ గురించి చెబుతుంది. గోర్డియంలో ఎవరూ విప్పలేని ముడిని విప్పకుండా కత్తితో తెగ్గొట్టిన కథ. అప్పుడు అర్థమవుతుంది, పుస్తకం మొత్తం అడిగే ప్రశ్న ఏడెనిమిది అధ్యాయాల ముందు నుంచీ ఒక తాళాలవాడి దగ్గర పడుందని. చిక్కుముడిని ఓపిగ్గా విప్పాలా, నరికేయొచ్చా? నరికితే పోయేవాళ్ల మాటేమిటి?

మా పాత జిల్లాలోని లేపాక్షి పైకప్పు బొమ్మలు చూసేటప్పుడు కూడా మొదట దేవుణ్ణే చూస్తాం, తర్వాత పక్కనున్న ఆడవాళ్ల చీర అంచుల దగ్గర ఆగిపోతాం. ఈ పుస్తకంలోనూ చూపు అలాగే పక్కలకు పోతుంది. నోస్టాల్జియా అనే సెంటు ప్రకటన ఎన్నో గోడల మీద ఉంటుంది. ఆ సెంటు అమ్మేది ఎవరు, కథ చివర దాని స్థానంలో ఏ కొత్త సరుకు ప్రకటన వస్తుంది అని చూస్తే ఆ వ్యాపారి బుర్ర ఎటు నడుస్తోందో తెలుస్తుంది. తొమ్మిదో అధ్యాయం చివర అంగారకుడి మీద నవ్వు ముఖం లాంటి బిలం కనిపిస్తుంది. ఇది మరీ కల్పన అనుకున్నాను. గాలె అనే ఆ బిలం నిజంగా ఉంది, 1970లలో వైకింగ్ నౌక పంపిన ఫొటోల్లో అచ్చం అలాగే కనిపిస్తుంది.

ఇక అయిదో అధ్యాయం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి పేజీలో బొమ్మల గళ్ల అమరిక చివరి పేజీలో అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. రెండో పేజీకి చివరి నుంచి రెండో పేజీ జత. అలా రెండు వైపుల నుంచీ నడుచుకుంటూ వచ్చి మధ్యలో 14, 15 పేజీల దగ్గర కలుస్తాయి, అక్కడ ఎదురెదురు పేజీలు కలిసి ఒకే దృశ్యం. అసలు అధ్యాయం మొదలయ్యేదే నీటి గుంటలో పడ్డ బోర్డు నీడతో. చాలా రోజుల వరకు నాకిది తట్టలేదు. తెలిశాక ఒక మధ్యాహ్నం రెండు చివరల్లో రెండు వేళ్లు పెట్టుకుని, ఒక్కో జతనూ పోల్చుకుంటూ మధ్యకు వచ్చాను. కరెంటు పోయి ఫ్యాన్ ఆగినా లేవబుద్ధి కాలేదు. కథ చదివేవాడికి ఇవేవీ అడ్డం రావు, అంత పకడ్బందీగా కుదిరాయి.

ఆ లోకంలో హీరోలు వీధుల్లోనే ఉన్నారు కాబట్టి పిల్లలు హీరోల కామిక్స్ చదవరు, సముద్రపు దొంగల కామిక్స్ చదువుతారు. పేపర్ల బంకు పక్కన కూర్చున్న ఒక పిల్లాడు చదివే దొంగల కథ అసలు కథ మధ్యలో తొంగిచూస్తుంటుంది. మొదటిసారి చదివేటప్పుడు ఇది విసుగు పుట్టిస్తుంది, అది నిజం. ఓర్చుకోండి. అయిదో అధ్యాయం చివర ఆ కామిక్ చరిత్ర అంటూ ఒక వ్యాసం ఉంది. అందులో చిత్రకారుడిగా చెప్పిన జో ఓర్లాండో నిజంగా ఉన్న మనిషి, ఒకప్పుడు ఈసీ కామిక్స్ అనే కంపెనీకి బొమ్మలు వేసినవాడు. వ్యాసంలో చూపించిన దొంగల కథ పేజీని ఆయన చేతే గీయించారు.

వేరే కథల్లోని గుర్తుల్లో నా మనసుకు బాగా తగిలింది ఒకటుంది. బ్యాట్‌మ్యాన్ 1939లో మొదలైతే, ఆ పాత్రను తీర్చిదిద్దిన బిల్ ఫింగర్ పేరు దశాబ్దాలపాటు, సృష్టికర్తగా అచ్చయ్యే బాబ్ కేన్ పేరు పక్కన పడలేదు. ఆయన 1974లో పోయాడు, పేరు అధికారికంగా చేరింది 2015లో. కానీ అంతకు చాలా ముందే బ్యాట్‌మ్యాన్ ఉండే గోథమ్ నగరం మ్యాపులో ఒక నదికి ఫింగర్ అని పేరు పెట్టేశారు. బ్యాట్‌మ్యాన్ విలన్ జోకర్ పుట్టుకలో చేయి ఉన్న జెర్రీ రాబిన్సన్ పేరిట ఒక పార్కు ఉంది. అట్ట మీద ఇవ్వని గౌరవాన్ని తర్వాతివాళ్లు బొమ్మ మూలల్లో ఇచ్చుకున్నారు. ఇలాంటిది తెలిసినప్పుడు వెతకడం వెర్రి కాదనిపిస్తుంది.

ఎలా చదవాలన్నదానికి వస్తే, ఫోన్‌లో మాత్రం వద్దు. ఒక యాప్‌లో ప్రయత్నించాను. అది ఒక్కో గడినీ పెద్దది చేసి చూపిస్తుంది, పేజీ మొత్తం కనబడదు. ఈ పుస్తకంలో పేజీకి తొమ్మిది గళ్ల లెక్క చాలా ముఖ్యం, అయిదో అధ్యాయమైతే పేజీ చూడకుండా అర్థమే కాదు. పెద్ద ట్యాబ్ ఉంటే కొంత నయం. కాగితం మీద నాన్న పేపరు చదివే భూతద్దం పెట్టుకుని చూస్తే బంకులో వేలాడే పేపర్ల హెడ్డింగులు కూడా చదవొచ్చు. ట్యూబ్‌లైట్ కింద పేజీ మెరుస్తుంది కాబట్టి పగటి వెలుతురే మేలు. పుస్తకం మందం, మధ్యకు జరిగిన గళ్లు చూడాలంటే నొక్కి తెరవాలి, అలా నొక్కీ నొక్కీ, మా ఊరి మే నెల ఎండలకు జిగురు ఆరీ నా కాపీ రెండు చోట్ల వదులైంది. డబ్బుకు వెనకాడనివాళ్లకు 2005లో వచ్చిన ఆబ్సల్యూట్ ఎడిషన్ ఉంది, సైజు పెద్దది, హిగ్గిన్సే రంగులు మళ్లీ సరిచేశాడు.

ప్రతి గడికీ వివరణ రాసిన ఎడిషన్ కూడా ఉంది, లెస్లీ క్లింగర్ 2017లో చేశాడు. మంచి పనే. కానీ మొదటిసారి అది పట్టుకోవద్దు. నేను కొన్న పాత కాపీలో ఎవరో ముందటి పాఠకుడు పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టిన గుర్తులు ఉన్నాయి, మూడో అధ్యాయం దాకా. ఆ పేజీల్లో నా కన్ను నేరుగా సున్నాల దగ్గరికే పోయేది, పక్కనున్నవి వదిలేసేది. నాలుగో అధ్యాయం నుంచే నాకు చూడడం వచ్చింది. మా అక్క కొడుక్కి ఇచ్చేముందు అవన్నీ రబ్బరుతో తుడిచేశాను.

చిన్నపిల్లలకు ఇవ్వకండి. నెత్తురు, ఒక అత్యాచార యత్నం, నగ్నత్వం ఉన్నాయి. డిగ్రీ వయసు వచ్చినవాళ్లు చదవొచ్చు. ఇంగ్లీషు ఒక్కోచోట ముక్కలుముక్కలుగా, వీధి యాసలో ఉంటుంది, నెమ్మదిగా పోతే ఇబ్బంది లేదు. చివరి అధ్యాయం తప్ప ప్రతి అధ్యాయం చివరా చిన్న అక్షరాల్లో ఆత్మకథ ముక్కలు, పోలీసు రికార్డులు, ఉత్తరాలు, పేపర్ కటింగుల్లాంటివి ఉంటాయి. తొందరలో వాటిని దాటేసేవాళ్లే ఎక్కువ. దాటకండి, గోడల మీద చూసిన పేర్లలో చాలావాటి గుట్టు అక్కడే ఉంది.