పక్కింటివాళ్లు ప్లాన్ తప్పి కడుతుంటే ఏది మేలు: మాటా, ఫిర్యాదా, కోర్టా?

పక్క స్థలంలో ఇల్లు లేస్తోంది, మన కిటికీకీ వాళ్ల గోడకీ మధ్య ఉండాల్సిన ఖాళీ మాత్రం కనిపించడం లేదు. ఎవరిని అడిగినా వచ్చే సలహాలు రెండే. "ఎందుకొచ్చిన గొడవ, ఊరుకో" అనేది ఒకటి, "కోర్టుకి లాగు" అనేది ఇంకోటి. నన్నడిగితే మొదటి అడుగుగా రెండూ పనికిరావు.

అసలు ముందు తేల్చుకోవాల్సింది, వాళ్లు తప్పిన రూల్ వల్ల మనకి పోయేదేంటని. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, తగ్గితే గాలీ వెలుతురూ పోతాయి, ఒక ఇంట్లో నిప్పు అంటుకుంటే రెండో ఇంటికి పాకడం తేలికవుతుంది, వాళ్ల సజ్జ మీది వాన నీళ్లు మన గోడకి కొడతాయి. ఇవి నిజమైన నష్టాలు. లోపల హాలు పెద్దది చేసి ఒక గది ఎత్తేశారని ఫిర్యాదు పెట్టేవాళ్లనీ చూశాను, దాన్ని కడుపుమంట అంటారు.

మాట్లాడటం అన్నింటికన్నా చవక, కానీ దానికి గడువుంది. పునాదికి గుర్తుగా ముగ్గు పోసిన రోజు ఆ గీతని చీపురుతో చెరిపి జరపొచ్చు. పునాది ఫుటింగ్ పోశాక జరపాలంటే డబ్బు పోతుంది, స్లాబ్ పడ్డాక ఇక ఎవరూ వినరు. మా పక్కన ముగ్గు పోస్తుంటే నేను డాబా మీద నిలబడి చూస్తూనే ఉన్నాను, తేడాగా ఉందనిపించింది, మొహమాటపడి అడగలేదు. కాలమ్స్ లేచాక టేపు పట్టుకెళ్తే, ప్లాన్ ప్రకారం ఐదడుగులు వదలాల్సిన చోట మూడడుగుల రెండంగుళాలు ఉంది. "మేస్త్రీ పొరపాటన్నా, చూద్దాం" అన్నాడు ఓనర్. ఆ చూద్దాం మీదే రెండు వారాలు గడిచాయి, ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి స్లాబ్ పోయడానికి సెంట్రింగ్ కొట్టేసి ఉంది. అందుకే మాట్లాడండి గానీ నాలుగు రోజులకి మించి ఎదురుచూడకండి.

మున్సిపాలిటీకి ఇచ్చే ఫిర్యాదు ఎప్పుడైనా రాతలోనే ఉండాలి, అందినట్టు స్టాంపు వేయించుకోవాలి. ఆమోదం పొందిన ప్లాన్ కాపీ, గోడల మధ్య టేపు పెట్టి తీసిన తేదీ ఉన్న ఫొటోలు, ఈ రెండూ జతచేస్తే పదిసార్లు తిరిగే పని రెండుసార్లలో అవుతుంది. మున్సిపాలిటీవాళ్లొచ్చి కొలుస్తారు, నోటీసు ఇస్తారు, పని ఆపమంటారు. కూల్చేస్తారని మాత్రం ఆశపడొద్దు, చాలాచోట్ల చిన్న తేడాలకి జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పద్ధతి ఉంది. అందుకని "కూల్చండి" అని రాసేకన్నా "తేల్చేదాకా పని ఆపించండి" అని అడగడం తెలివైన పని. పేరు బయటపడుతుందేమోనని టెన్షన్ పడతారు కొందరు. పక్కింట్లో ఉన్నది మీరే కదా, ఎలాగూ తెలుస్తుంది.

కోర్టు బలం వేరే. స్టే వస్తే మేస్త్రీ తాపీ కింద పెట్టాల్సిందే. నోయిడా జంట టవర్లు చూడండి, భవనాల మధ్య ఉండాల్సిన దూరం వదల్లేదని పక్క భవనంలో ఉండేవాళ్లే 2012లో హైకోర్టుకి వెళ్లారు, 2014లో అక్కడ గెలిచారు, సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న అదే ఖరారు చేసింది, 2022 ఆగస్టు 28న పేల్చేశారు. అంటే గెలిచిన కేసుకే పదేళ్లు. అది కూడా అందరూ కలిసి ఖర్చు పంచుకున్న కేసు, ఒక్క ఇంటివాడు పదేళ్లు లాగగలడా? ఇంకో ఇబ్బంది ఏంటంటే, ఆలస్యంగా వెళ్తే "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని జడ్జి మొదట మనల్నే అడుగుతారు.

ఆలస్యం కట్టేవాడికి ఎంత కలిసొస్తుందో ఇంగ్లండ్‌లో ఒక రైతుకి బాగా తెలుసు. అక్కడ అప్పట్లో నాలుగేళ్లు ఎవరూ అడ్డు చెప్పకపోతే ఇల్లు నిలిచిపోయేది. ఆయన గడ్డిమోపులు గోడలా పేర్చి, వాటి వెనక కోటలాంటి ఇల్లు కట్టుకుని నాలుగేళ్లు దాక్కున్నాడు. దాచిపెట్టినది చెల్లదని కోర్టులు తేల్చాయి, చివరికి 2016లో కూల్చుకున్నాడు.

నా ఓటు రాతపూర్వక ఫిర్యాదుకే, అదీ స్లాబ్ పడకముందు. నోటీసు ఇచ్చాక కూడా పని ఆగకపోతే ఆ కాగితాలే పట్టుకుని అదే వారం లాయర్ దగ్గరికి వెళ్లొచ్చు, కోర్టుకి కావాల్సిన ఆధారాలు అప్పటికే చేతిలో ఉంటాయి.

నేను స్లాబ్ పడ్డాక రాశాను. జరిమానా వేశారు, మా వైపు సజ్జ కొట్టేయించారు, పైన వేద్దామనుకున్న బాల్కనీ ఆపించారు. వాన నీళ్లు ఇప్పుడు మా గోడ మీద పడటం లేదు. గోడ మాత్రం అదే మూడడుగుల రెండంగుళాల దూరంలో ఉంది, వాళ్లింట్లో గిన్నె కింద పడితే మా ఇంట్లో ఉలిక్కిపడుతున్నాం.