సిరోంచ ఎండలకు తట్టుకున్న థర్మామీటర్

రోజులో అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు రెండూ చూపే 'సిక్స్' (కనిపెట్టినాయన పేరు) రకం గరిష్ఠ-కనిష్ఠ థర్మామీటర్‌ను మహారాష్ట్రలోని సిరోంచలో ఉన్న మా బడిలో కొన్నేళ్లుగా వాడుతున్నాం. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. మాది మరాఠీ మీడియమే అయినా, పిల్లలు రీడింగులు అరిచి చెప్పేది తెలుగులోనే. దీనికి బ్యాటరీ అక్కర్లేదు, చార్జింగ్ గొడవ లేదు. అంతకుముందు తెచ్చిన డిజిటల్‌ది ఒక్క వానాకాలానికే మూలన పడింది. ఇది రోళ్లు పగిలే రోహిణి కార్తెలో 45 దాటినా చెక్కుచెదరలేదు.

యు ఆకారపు గొట్టంలో పాదరసం రెండు వైపులా చిన్న సూచికలను పైకి తోస్తుంది. పాదరసం వెనక్కి జారినా సూచిక ఉన్నచోటే ఆగిపోతుంది. దాని కింది కొస దగ్గరి అంకె చదవాలి. చిక్కంతా కనిష్ఠం చూపే ఎడమ కొమ్మతోనే. అక్కడ అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి. 15 గీతకు రెండు గళ్లు కిందుంటే 17 అన్నమాట. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లాడూ 13 రాస్తాడు. "నిన్న అంత చలెక్కడ పెట్టింది సార్?" అని పక్కవాడే పట్టేస్తాడు.

డబ్బాలో మేకులు ఇస్తారు కదా అని గోడకు బిగించొద్దు. అప్పుడు అది చూపేది గోడ వేడి. మేం వడ్లాయనతో వాలు పలకల పెట్టె చేయించి, తెల్లరంగు వేసి, తలుపు ఉత్తరం వైపు ఉండేలా మనిషి ఛాతీ ఎత్తున నిలబెట్టాం. థర్మామీటర్ కన్నా పెట్టెకే ఎక్కువ ఖర్చయింది, అయినా దండగ కాదు. వాతావరణ శాఖ లెక్కనే పొద్దున ఎనిమిదిన్నరకు చూస్తాం. ఆ వేళకు కనిపించే గరిష్ఠం నిన్నటిది, అందుకే దాన్ని నిన్నటి గడిలో రాయిస్తాం.

ఎండ గంటలకు వేరే పరికరం కొనలేదు. గాజు గోళం అట్టను కాల్చి గీత పెట్టే యంత్రం బడి బడ్జెట్‌కు అందదు. ఆవరణలో ఒక కర్ర పాతి, గంటగంటకూ నీడ పడుతుందో లేదో రాయిస్తాం. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా లెక్క పక్క గడిలో ఉంటుంది. అసలు పాఠం ఈ రెండు గడుల మధ్యే ఉంది. మా దగ్గర జూన్ 21 ప్రాంతంలో పగలు 13 గంటల 15 నిమిషాలు, డిసెంబరులో 11 గంటలు. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే నెల మధ్యలో. జూన్‌లో పగలు ఇంకా పెద్దదే, కానీ మబ్బులు దిగుతాయి. జులైలో ముసురు పట్టిన రోజు పగలు 13 గంటలున్నా కర్ర నీడ గంటసేపు కూడా పడదు. ఆ రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా నాలుగైదు డిగ్రీలే. జనవరిలో మబ్బు లేని రోజున అదే తేడా 15 దాటుతుంది. కారణం చెప్పనక్కర్లేదు, పిల్లలే పట్టిక చూసి మబ్బును పట్టుకుంటారు.

లోపాలూ ఉన్నాయి. బస్సు కుదుపులకు గొట్టంలో గాలి బుడగ చేరి పాదరసం తెగిపోతుంది. నిటారుగా పట్టుకుని మెల్లగా తట్టాలి, ఒక్కోసారి అలా కూడా దారికి రాదు. కొన్న షాపులోనే విప్పి చూసుకోండి. పగిలితే పాదరసాన్ని పిల్లలు ముట్టకుండా చూడాలి. పాదరసం లేని రకం దొరికితే అదే తీసుకోండి. సూచికలను దించే అయస్కాంతం మాత్రం ఎవరో ఒకరి జేబులోకి పోతూనే ఉంటుంది. బటన్ నొక్కితే సూచిక దిగే రకం కొంటే ఆ బెడద ఉండదు.