నలభై దాటాక నడకా, బరువులా? ఏది మేలు?

బెంగళూరులో బెల్లందూరు వైపు ఏ అపార్ట్‌మెంట్ చూసినా మన తెలుగువాళ్లే. పై అంతస్తులో ల్యాప్‌టాప్ ముందు గుంటూరు ఇంజినీరు, కింద గొంతుక్కూర్చుని టైల్స్ పరిచే పాలమూరు మేస్త్రీ. ఇద్దరికీ నలభై అయిదు దాటి ఉంటే, లేచేటప్పుడు ఇద్దరి చెయ్యీ మోకాలి మీదకే పోతుంది. ఒకరిది వాడకపోవడం వల్ల, ఇంకొకరిది వాడి వాడి.

ముందు ఇంజినీరు సంగతి. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. కూర్చునే ఉద్యోగమైతే దమ్ము కూడా పదేళ్లకు 10 శాతం వరకు పోతుంది. లాల్‌బాగ్‌లో రోజూ నడిచేవాళ్లకు బీపీ, షుగర్ అదుపులో ఉంటాయి, మనసూ తేలికపడుతుంది. కానీ చదును దారిలో ఎన్ని కిలోమీటర్లు నడిచినా తొడల్లో బలం పెద్దగా పెరగదు. దానికి కండ మీద బరువు పడాలి. జిమ్మే అక్కర్లేదు, గుంజీళ్లు, గోడకు చేతులు ఆనించి తీసే దండీలు చాలు. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో రెండూ చెయ్యమంది: వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, రెండు రోజులు కండకు పని. అంత టైం ఎక్కడిది అంటారా? ఇప్పటికే రోజూ అరగంట నడుస్తున్నవాళ్లు వారంలో రెండు రోజుల నడకను బరువులకు ఇచ్చెయ్యండి. అసలేమీ చెయ్యనివాళ్లకు మాత్రం నడకే మేలు, ముందు ఆ అలవాటు పడనివ్వండి. మెస్సులో అన్నం గుట్ట తగ్గించి పప్పు, గుడ్డు పెంచకపోతే ఏ కసరత్తుకైనా సగం ఫలితమే.

మేస్త్రీకి ఈ లెక్క పనికిరాదు. "రోజంతా ఒళ్లు వంచే పనేగా, ఇంక కసరత్తు ఎందుకు" అంటాం కానీ, డెన్మార్క్‌లో లక్షమందికి పైగా జనాన్ని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో తీరిక వేళ వ్యాయామం గుండెజబ్బు ముప్పు తక్కువతో, పనిలో బండచాకిరీ ముప్పు ఎక్కువతో ముడిపడి కనిపించాయి. పైగా విరామం లేకుండా అవే కీళ్ల మీద అదే భారం పడుతుంటుంది. సాయంత్రం ఆయన్ని నడవమనడం వెటకారమే. మోకాళ్ల కింద మెత్త, గంటకోసారి భంగిమ మార్పు, కంటినిండా నిద్ర, బీడీ మానెయ్యడం, ఆయనకు ఇవే మందు.

మీకేది ముందో తేల్చుకోవాలంటే చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్ల మగవాళ్లకు 14, ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. నలభైల్లోనే అక్కడ ఆగిపోతుంటే గుంజీళ్లు ఈ వారమే మొదలుపెట్టండి.