1098కి ఫోన్ చేసిన రాత్రి

రాత్రి పదకొండు దాటింది. ప్లాట్‌ఫామ్ బెంచీ చివర పదేళ్ల పిల్లాడు, స్కూలు చొక్కాతో, చెప్పుల్లేకుండా, ఒళ్లో పాలిథిన్ కవరు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరితో వచ్చావంటే తల దించుకున్నాడు. అక్కడున్న ఉద్యోగికి చెబితే "ఇలాంటివాళ్లు రోజూ ఉంటారండీ" అని వెళ్లిపోయాడు. ఒళ్లు మండింది.

ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. ఫోన్ తీసినావిడ ప్లాట్‌ఫామ్ నంబరు, బాబు వేసుకున్న బట్టలు అడిగి, "మావాళ్లు వచ్చేదాకా పక్కనే ఉండండి, గద్దించకండి, ఫొటో తీయకండి" అన్నారు. అరగంటలో హెల్ప్‌లైన్ తరఫున ఒకమ్మాయి, ఆమెతో ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) మహిళా కానిస్టేబుల్ వచ్చారు. ఆ అమ్మాయి నేలమీద కూర్చుని ముందు నీళ్లిచ్చింది, తర్వాతే పేరడిగింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. వెంటనే ఇంటికి పంపేస్తారా అని అడిగాను. లేదు, చట్టప్రకారం 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలట. నిజమే, దెబ్బలు భరించలేక పారిపోయి వచ్చాడేమో ముందు తెలుసుకోవాలి కదా.

ఒక్కటే లోటు. ఆ స్టేషన్లో నేను తిరిగిన చోటల్లా 1098 అన్న బోర్డు ఒక్కటీ కనపడలేదు. గుర్తుండబట్టి సరిపోయింది. నా రైలు వెళ్లిపోయింది, పోనీ. వెళ్తూ వాడు ఆ కవరు గుండెకు హత్తుకుని ఒకసారి వెనక్కి చూశాడు.