కోనసీమ బీచ్‌లో ఫ్లైబోర్డ్ బుక్ చేస్తున్నారా? ధర తర్వాత, ముందు నీళ్ల లోతు అడగండి

సెలవులకి గోదావరి జిల్లాల వైపు వచ్చి బీచ్‌లో ఫ్లైబోర్డ్, అంటే గొట్టంలోంచి వచ్చే నీటి ధారతో మనిషిని గాల్లోకి లేపే బోర్డు, ఎక్కాలనుకునేవాళ్లు దయచేసి డబ్బు కట్టేముందు ఇది చదవండి. గోదావరి పాయలు వశిష్ఠకీ వైనతేయకీ మధ్య తీరంలో, సంక్రాంతి రద్దీకి టెంటు వేసి మరీ నడిపిన ఒక బ్యాచ్ దగ్గర మా మేనల్లుడి మోకాలు పోయింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు ఇక్కడ రాయను. అసలు పేరు తెలిసినా మీకు పెద్దగా ఒరిగేదేం లేదు, ఎందుకో చివర్లో చెప్తాను. ఇలాంటివాళ్లని ఎలా పట్టుకోవాలో తెలిస్తే చాలు.

వాళ్ల ప్రకటన ఇది: మనిషికి 2,500 రూపాయలు, పదిహేను నిమిషాలు గాల్లో, ట్రైనర్, హెల్మెట్, డ్రోన్ వీడియో అన్నీ అందులోనే. కింద ఒక రీలు. ఆ రీల్లో నీళ్లు అద్దంలా నీలంగా ఉన్నాయి. గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర అంత నీలం నీళ్లు ఎప్పుడు చూశామండీ మనం? ఒండ్రు కలిసి ఎప్పుడూ టీ రంగే కదా. అది వేరే ఏ దేశం వీడియోనో తెచ్చి పెట్టుకున్నారు. టెంటు దగ్గర బ్యానరు మీద ఇంకో ఫొటో: సముద్రం మీద ఒక మనిషి బోర్డు మీద నిలబడి దూసుకుపోతున్నాడు, కింద గొట్టమే లేదు. "ఇంగ్లిష్ చానల్ దాటింది మన బోర్డేనండి" అని ఒకతను గొప్పగా చెప్పాడు. కాదు. ఫ్లైబోర్డ్ తయారుచేసిన ఫ్రాన్సు మనిషి ఫ్రాంకీ జపాటా 2019 ఆగస్టు 4న చానల్ దాటిన మాట నిజమే, ఇరవై రెండు నిమిషాల్లో. అయితే అది ఫ్లైబోర్డ్ ఎయిర్ అనే వేరే యంత్రం. వీపున ఇంధనం సంచీ, కాళ్ల కింద జెట్ టర్బైన్లు. బీచ్‌ల్లో మనకి ఎక్కించేది నీటితో నడిచేది. అమ్మేవాడికే ఈ తేడా తెలియకపోతే మిగతావి ఏం తెలుస్తాయి?

నీటితో నడిచేదాని పనితీరు కాస్త తెలుసుకోండి, మోసం ఎక్కడుందో మీకే అర్థమవుతుంది. జెట్ స్కీ, అంటే నీళ్ల మీద నడిచే స్కూటర్ లాంటి బండి, నీటిని లాగి వెనక్కి బలంగా చిమ్ముతుంది కదా, ఆ నీటిని ఒక పొడవాటి లావు గొట్టంలోకి మళ్లిస్తారు. గొట్టం రెండో కొస మీ కాళ్ల కింద బోర్డుకి ఉంటుంది. బోర్డు అడుగున నాజిళ్లలోంచి నీరు కిందికి తన్నితే మీరు పైకి లేస్తారు. బోర్డు మీద బూట్లు బిగించి ఉంటాయి, వాటిలో కాళ్లు పెట్టి కట్టేస్తారు. మొదట నీళ్లలో బోర్లా తేలాలి, మోకాళ్లు వంచకుండా కాళ్లు నిటారుగా పెట్టాలి, కిందికి చూడకుండా ఎదురుగా చూడాలి. ఎంత ఎత్తుకి లేస్తారన్నది మాత్రం మీ చేతుల్లో ఉండదు. మొదటిసారి ఎక్కేవాళ్లకి థ్రాటిల్, అంటే ఇంజన్ జోరు పెంచే మీట, జెట్ స్కీ మీద కూర్చున్నవాడి దగ్గరే ఉంటుంది. వాడు నొక్కితే లేస్తారు, వదిలితే పడతారు. అంతే.

పడటం ఇందులో ప్రమాదం కాదు, ఆటలో భాగమే. అందరూ పడతారు. కాబట్టి పడేచోట నీళ్లు ఉండాలి. మూడు మీటర్ల ఎత్తు నుంచి పడితే నీటిని తాకేసరికి గంటకి సుమారు 28 కిలోమీటర్ల వేగం ఉంటుంది. పద్ధతిగా నడిపేవాళ్లు నాలుగు మీటర్ల లోతుకి తక్కువైతే బోర్డు దింపరు. అలలు విరిగేచోట అసలు దింపరు. నిలకడగా ఉన్న నీళ్లు, బాగా లోతు, చుట్టుపక్కల పడవలు లేకపోవడం, ఈ మూడూ ఉంటేనే.

మన తీరంలో ఈ లోతు సంగతి ఇంకా తిరకాసు. గోదావరి ఏటా వరదలో తెచ్చిన ఇసుక మొగల దగ్గర మేటలు వేస్తుంది, ఆ మేటలు ఒకచోట ఉండవు. అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు చూసినవాళ్లకి తెలుసు, సముద్రం మధ్యలోకి ఎంత ఇసుక పరుచుకుని ఉంటుందో. పోయినేడు నిలువెత్తు నీళ్లున్నచోట ఈ ఏడు మోకాలి లోతు ఉండొచ్చు. దానికి తోడు సముద్రం నీళ్లు పెరిగే పోటూ, తగ్గే పాటూ. పొద్దున పోటులో ఉన్న లోతు మధ్యాహ్నం పాటులో ఉండదు. నీళ్లు మురికిగా ఉంటాయి కాబట్టి పైనుంచి అడుగు కనపడదు. మాకు మొదటి హెచ్చరిక ఇచ్చింది ఆ బ్యాచ్ కాదు, పక్కనే వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన. "ఏంటమ్మా, పాటు తీసేసింది కదా, ఇప్పుడు దిగుతారేంటి? ఆ మేట మీద నడుం లోతు కూడా ఉండదు" అన్నాడు. ఆ మాట టెంటు వాళ్లకి చెప్తే వచ్చిన జవాబు: "ఆయ్, ఏం పర్లేదండి, పొద్దుట్నించీ ఇక్కడే ఎగురుతున్నారు." పొద్దుట్నించీ అన్నమాటే కదండీ అసలు సమస్య!

నేనే ముందు ఎక్కాను. శిక్షణ అంటే కాళ్లు బిగిస్తూ చెప్పిన రెండు ముక్కలు. హెల్మెట్ అడిగితే "లేడీస్‌కి సైజు లేదండి" అన్నారు. లైఫ్ జాకెట్ మామూలు పడవల్లో ఇచ్చే నారింజ రంగుది, కుట్లు విడిపోయి లోపల ఫోము కనపడుతోంది, పక్క పట్టీకి క్లిప్పు లేదు. వేరేది ఇస్తేనే దిగుతానని గట్టిగా అడిగితే గొణుక్కుంటూ తెచ్చారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత కూడా ఈ నదిలోనో ఈ తీరంలోనో లైఫ్ జాకెట్ అడిగినవాళ్లని చాదస్తుల్లా చూసేవాళ్లున్నారంటే ఏమనాలి. నిజం చెప్పాలి, నీటి మీదికి లేచిన ఆ కాసేపు మాత్రం అద్భుతంగా ఉంది. కింద జనం, దూరంగా సరుగుడు తోటలు, ఒక్కసారిగా అంతా చిన్నదైపోయింది. ఆటని నేను తప్పు పట్టడం లేదు.

నిమిషాల లెక్క మాత్రం వినండి. పదిహేను నిమిషాలు గాల్లో అన్నారు కదా. బూట్లు బిగించడం మొదలుపెట్టినప్పుడే స్టాప్‌వాచ్ నొక్కారు. జెట్ స్కీ ఒడ్డునుంచి లోపలికి ఈడ్చుకెళ్లే సమయం, పడి లేచే సమయం, మధ్యలో ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేసుకునే సమయం, అన్నీ మన ఖాతాలోనే. నేను గాల్లో ఉన్నది అన్నీ కలిపినా రెండు మూడు నిమిషాలుండదు. బయటికొచ్చాక డ్రోన్ వీడియోకి 600 విడిగా అన్నారు, డ్రోన్ ఎగిరిన దాఖలా కూడా లేదు, ఫోనుతో తీసింది. బూట్లకి, జాకెట్‌కి "గేర్ చార్జి" 300. పండగ పూట గొడవెందుకులే అనుకునే మన బలహీనత మీదే ఈ వ్యాపారమంతా.

తర్వాత మా ఆడపడుచు కొడుకు ఎక్కాడు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది, ఈత బాగా వచ్చు, హుషారు ఎక్కువ. ఈలోపు థ్రాటిల్ దగ్గర మనిషి మారాడు. అంతకుముందున్నతను టీకి వెళ్తే మీసం కూడా సరిగా రాని కుర్రాడొకడు కూర్చున్నాడు. ఒక చేత్తో థ్రాటిల్, ఇంకో చేత్తో ఫోను, రీలు తీస్తున్నాడు. మావాణ్ని మొదటిసారే మనిషెత్తుకి రెండింతలు లేపాడు. "దించు, దించు" అని మేం ఒడ్డున అరుస్తూనే ఉన్నాం. అప్పటికి జెట్ స్కీ మేట దగ్గరికి జరిగిపోయింది. తక్కువ నీళ్లలో జెట్ స్కీ నీటితో పాటు ఇసుకని కూడా లాగుతుంది, అలా లాగితే ఒత్తిడి నిలకడగా రాదు. ఇంజన్ దగ్గినట్టు చప్పుడు చేసింది, గొట్టం మెత్తబడింది, పిల్లాడు నిలువునా కింద పడ్డాడు. కింద నడుం లోతు నీళ్లు, దాని కింద గట్టి ఇసుక.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. కాళ్లకి బోర్డు బిగించి ఉన్న మనిషి తక్కువ నీళ్లలో నిలబడలేడు. లోతులో అయితే జాకెట్‌తో తేలుతూ ఉంటాడు, ఎవరైనా వచ్చి లేపుతారు. నడుం లోతులో, అలలు తోస్తుంటే, పాదాలు కదలక, మోకాలు నొప్పితో వాడు లేవబోయినప్పుడల్లా బోర్లా పడి ఉప్పునీళ్లు మింగాడు. జెట్ స్కీ మీది కుర్రాడికి బూట్లు ఎలా విప్పాలో తెలియదు. నీళ్లలో వాళ్ల మనిషి ఇంకెవరూ లేరు, సాయానికి వేరే బోటూ లేదు. వలలు సర్దుకుంటున్న ఆ పెద్దాయన, ఇంకో ఇద్దరు జాలర్లు పరిగెత్తుకెళ్లి బోర్డుతో సహా ఎత్తుకొచ్చారు. వాళ్లకి ఏమిచ్చినా రుణం తీరదు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు కూడా.

అమలాపురంలో ఎముకల డాక్టరు గారు చూసి స్కాన్ తీయించారు. లిగమెంటు కొంత చిరిగింది. బూటు చీలమండని కదలనివ్వదు కాబట్టి మెలికంతా మోకాలే తీసుకుందని ఆయన చెప్పారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, అదృష్టం. వాడిప్పుడు బ్రేస్ వేసుకుని ఊతకర్రతో కాలేజీకి వెళ్తున్నాడు.

మర్నాడు మా వారు టెంటుకి వెళ్తే ఓనరు ఒక కాగితం చూపించాడు. ఎక్కేముందు మేం సంతకం పెట్టింది, ఇంగ్లిషులో ఒక పేజీ, ఏం జరిగినా పూర్తి బాధ్యత నాదే అని దాని సారాంశం. "మీరు ఒప్పుకున్నారు కదండి" అన్నాడు. బిల్లు అడిగితే "పండగ సీజన్ కదండి, బిల్లులుండవు" అన్నాడు. ఫోన్‌పే చూస్తే డబ్బు వెళ్లింది సంస్థ పేరు మీద కాదు, ఎవరో వ్యక్తి ఖాతాకి.

ఇలాంటప్పుడు చాలామంది సంతకం పెట్టేశాం కాబట్టి అయిపోయిందనుకుని ఊరుకుంటారు. ఊరుకోకండి. నడిపేవాడి నిర్లక్ష్యాన్ని ఒక కాగితం కడిగేయదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవ చేసి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది, ఏకపక్షంగా రాయించుకున్న ఒప్పందాలని ప్రశ్నించే వీలూ అందులో ఉంది. మేం మొదట 1915కి ఫోన్ చేశాం, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి ఇది ముఖ్యం: కేసు కోసం కోనసీమ చుట్టూ తిరగక్కర్లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. ఆ సేవకి కట్టిన మొత్తం ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. డాక్టరు చీటీలు, స్కాన్ రిపోర్టు, యూపీఐ స్క్రీన్‌షాటు, ప్రకటన స్క్రీన్‌షాటు దాచుకోండి. ప్రకటనది మరీ ముఖ్యం, గొడవ కాగానే వాళ్లు ముందు తీసేసేది దాన్నే.

ఇక వెళ్లే ముందు ఏం చూడాలంటే, మీకు ఆ టెంటు నచ్చినా సరే మొదట ఒడ్డున ఉన్న జాలర్ల దగ్గరికి వెళ్లి పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఇక్కడ మేట ఎక్కడిదాకా ఉంది అని అడగండి. టెంటు వాళ్ల మాట తర్వాత. లోతు కొలిచే కర్రో తాడో ఉందా, మీ ఎదురుగా దించి చూపిస్తారా అని అడగండి, తడబడితే వెనక్కి వచ్చేయండి. థ్రాటిల్ ఎవరు పట్టుకుంటారో ఆ మనిషినే చూపించమనండి, మధ్యలో మార్చకూడదని చెప్పండి. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది, లైఫ్‌గార్డులకీ పవర్ బోటు నడిపేవాళ్లకీ అక్కడ శిక్షణ ఇస్తారు. అలాంటి సర్టిఫికెట్ ఏదైనా ఉందా అంటే మా టెంటు వాడు నవ్వాడు. నవ్వినా అడగండి. హెల్మెట్ లేకపోతే ఎక్కొద్దు. నిమిషాలు ఎప్పటినుంచి లెక్కో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. గర్భిణులు, నడుం నొప్పి, మోకాలి నొప్పి ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు దీని జోలికి పోకండి, ఎక్కించేవాడు మిమ్మల్ని ఆ మాట అడగడు. మా దగ్గరైతే వయసు కూడా అడగలేదు.

నాలుగు రోజుల క్రితం ఓనరు ఫోన్ చేశాడు. కట్టిన డబ్బులో సగం ఇస్తామండి, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, ఎక్కడా రాయకండి అన్నాడు. స్కాన్ ఖర్చుకి కూడా చాలని డబ్బది. కుదరదన్నాం. వాళ్ల పేజీ ఇప్పుడు కనపడటం లేదు, ఇంకో పేరుతో వేసవి బుకింగులు మొదలయ్యాయని మావాడే నిన్న లింకు పంపాడు. రీలు మాత్రం అదే. సంక్రాంతికి వీళ్లకి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు ఎవరైనా ఉంటే మీ స్క్రీన్‌షాట్లతో 1915లో విడిగా ఫిర్యాదు చేయండి, నాకూ ఒక మాట చెప్పండి. కమిషన్‌కి వెళ్లేటప్పుడు అన్నీ కలిపి పెడదాం.