పెద్దవాళ్లతో, పిల్లలతో లివర్‌పూల్ అరీనాకి

మాంచెస్టర్‌లో ఉంటూ షో చూడటానికి లివర్‌పూల్ వెళ్తున్నామంటే అందరూ అడిగేది ఒకటే: ఊళ్లోనే రెండు పెద్ద అరీనాలు పెట్టుకుని అంత దూరం దేనికని. ఇంట్లో పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఉంటే నేను మాత్రం లివర్‌పూలే మేలంటాను. మెర్సీ నది ఒడ్డున ఉన్న ఎం అండ్ ఎస్ బ్యాంక్ అరీనాకి వెళ్తే షో అయ్యేది ఒక పూట, మిగతా రోజంతా చుట్టూ ఉన్న పాత రేవుల్లో హాయిగా గడిచిపోతుంది. ఆ రేవులే లేకపోతే నేను ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు.

విశాఖపట్నం నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, మా బాబుని తీసుకుని ఐస్ స్కేటింగ్ షోకి వెళ్లాం. నాన్న విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ప్లాన్ అంతా ఈ రెండు సంగతుల మీదే నడిచింది.

మాంచెస్టర్ నుంచి రైల్లో గంటలోపే లైమ్ స్ట్రీట్ స్టేషన్ చేరతాం. నడవగలిగినవాళ్లు అక్కణ్ణుంచి ఊరు చూసుకుంటూ నడిచిపోవచ్చు. మేం అమ్మ కోసం అదే స్టేషన్ కింద మెర్సీరైల్ అనే లోకల్ రైలు ఎక్కి జేమ్స్ స్ట్రీట్‌లో దిగాం. అక్కడి నుంచి అరీనాకి పదిహేను నిమిషాలు పడుతుంది, దారంతా చదునే. కాకపోతే ఆ పదిహేను నిమిషాలకి రెండు గంటలు పెట్టుకోండి. దారి రాయల్ ఆల్బర్ట్ డాక్ అనే పాత రేవు మీదుగా వెళ్తుంది.

ఈ డాక్‌ని 1846లో ప్రారంభించారు. కట్టించిన ఇంజనీరు జెస్సీ హార్ట్లీ. ఆ రోజుల్లో గోదాములు తరచూ అంటుకునేవి కాబట్టి కట్టడంలో కలప లేకుండా ఇటుక, రాయి, పోత ఇనుముతోనే లేపాడు. నీటి అంచున వరసగా నిలబడ్డ ఎర్రరంగు ఇనుప స్తంభాలు రెండు చేతులు చాపినా కౌగిలికి అందనంత లావుంటాయి. మా బాబు ఒక్కోదాన్నీ పట్టుకుని చూశాడు. పత్తి, పొగాకు, టీ, పట్టు ఇక్కడ దిగేవి. అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు మన దేశపు పత్తి ఓడలకొద్దీ లివర్‌పూల్‌కి వచ్చింది. ఈ మాట చెప్పేసరికి అమ్మ కూడా మోకాళ్ల సంగతి మర్చిపోయి గోదాముల్ని కాసేపు తేరిపార చూసింది.

నాన్న మాత్రం డాక్ గేటు దగ్గరే ఆగిపోయారు. విశాఖలో సముద్రపు ఆటుపోట్ల తేడా రెండు మీటర్లు కూడా దాటదు. మెర్సీలో పెద్ద పోటు రోజున అది పది మీటర్ల దాకా వెళ్తుంది. అందుకే ఇక్కడ రేవుకి గేట్లు పెట్టి, నీటిని లోపలే ఒక మట్టంలో నిలబెడతారు. "ఈ గేటు తీసేశామనుకో, నీళ్లు వెనక్కి తగ్గే పాటు వేళకి ఓడ బురదలో కూర్చుంటుంది రా" అని మనవడికి చేతులతో చూపిస్తూ చెప్పారు.

నిజంగా జరిగింది కూడా అలాంటిదే. 1972లో డాక్ మూతపడ్డాక పట్టించుకున్నవాళ్లు లేక లోపలంతా మేట వేసింది. 1981లో ప్రభుత్వం మెర్సీసైడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టాక పూడిక తీసి, గేట్లు బాగుచేసి, మళ్లీ నీళ్లు నింపారు. 1988లో కొత్త రూపంలో తెరిచారు. ఇప్పుడు ఆ గోదాముల్లోనే హోటళ్లు, దుకాణాలు, బీటిల్స్ మ్యూజియం ఉన్నాయి. పాతదాన్ని కూలగొట్టి అద్దాల మేడలు కట్టడం తేలిక. వీళ్లు ముందు బురద ఎత్తిపోశారు, అందుకే ఈ చోటంటే నాకు గౌరవం.

అరీనా ఉన్నది ఆ పక్కనే, కింగ్స్ డాక్ స్థలంలో. ఒకప్పుడు ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ ఇక్కడే స్టేడియం కట్టుకోవాలనుకుంది. డబ్బు కుదరక 2003 నాటికి ఆ ఆలోచన పోయింది. ఆ తర్వాత వచ్చిన అరీనా 2008 జనవరిలో, లివర్‌పూల్ యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్న ఏడాది మొదట్లోనే తెరుచుకుంది. ఎవర్టన్‌కి చివరికి 2025లో ఉత్తరాన బ్రామ్లీ మూర్ డాక్‌లో స్టేడియం వచ్చింది. ఆ డాక్‌ని పూడ్చి కట్టడం కూడా ఈ రేవులు 2021లో యునెస్కో వారసత్వ హోదా పోగొట్టుకోవడానికి ఒక కారణం. ఆల్బర్ట్ డాక్ నీళ్లు చూసి వచ్చాక ఆ సంగతి తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

అరీనాలో సుమారు 11 వేల మంది పడతారు. అయినా పాత గోదాముల పక్కన ఒదిగినట్టే కనిపిస్తుంది. 2019లో నెట్‌బాల్ ప్రపంచకప్, 2022లో ప్రపంచ జిమ్నాస్టిక్స్ పోటీలు, 2023లో యుద్ధం వల్ల నిర్వహించలేకపోయిన ఉక్రెయిన్ తరఫున యూరోవిజన్ పాటల పోటీ ఈ ఒక్క హాల్లోనే జరిగాయి. మేం చూసింది అదే నేల మీద మంచు. ఇలాంటి షోలకి నేల మీద సన్నటి గొట్టాలు పరిచి, వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రవం తిప్పుతూ, పైన నీళ్లు పలచగా పొర మీద పొర చల్లుతారు. ముందు వరుసల్లో కూర్చుంటే ఆ చల్లదనం కాళ్లకి బాగానే తెలుస్తుంది. అమ్మకి శాలువా ఇచ్చి మంచి పని చేశాం.

సీట్ల విషయానికొస్తే, పాటల కచేరీ అయితే కింద చదును నేల మీద టికెట్టు తీసుకోకండి, పిల్లలకి ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. ఏ అరీనాలోనైనా పై వరుసల మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకి కింది అంచెలో పక్క వరుసలే సుఖం. మెట్లెక్కలేని వాళ్లుంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. మేం అలాగే చెప్పాం. స్టాఫ్ అమ్మని తొందరపెట్టకుండా సీటు దాకా తీసుకెళ్లారు. పెద్ద బ్యాగులు రానివ్వరు, బయటి తిండీ కుదరదు. అమ్మ చేసిన పులిహోర డాక్ పక్కన బెంచీ మీదే తినేసి లోపలికెళ్లాం. నదిగాలి ఎంత వీచినా ఆ భోజనమే ఆ రోజుకి హైలైట్.

కారు కన్నా రైలే నయం. షో అయ్యాక అన్ని కార్లూ ఒకేసారి స్ట్రాండ్ రోడ్డు మీదకొస్తాయి. ఇక్కడి పార్కింగ్‌కి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 2017 డిసెంబర్ 31న అరీనా పక్కనున్న బహుళ అంతస్తుల పార్కింగ్‌లో మంటలు లేచి వెయ్యికి పైగా కార్లు కాలిపోయాయి. లోపల గుర్రాల ప్రదర్శన జరగాల్సిన రాత్రి అది. గుర్రాల్ని క్షేమంగా తప్పించారు, మనుషుల ప్రాణాలూ దక్కాయి.

బసకి మేం ఆల్బర్ట్ డాక్ పాత గోదాములోనే ఉన్న ప్రీమియర్ ఇన్ హోటల్ తీసుకున్నాం. షో నుంచి నడిచి రావడం, పొద్దున్నే నీళ్ల పక్కన టీ తాగడం, ఈ రెండింటికే ఇచ్చిన డబ్బు చెల్లిపోయిందనిపించింది. అరీనాని ఆనుకునే ఉండాలంటే పుల్‌మన్ ఉంది. షో రోజుల్లో రేట్లు పెరుగుతాయి, అందుకని టికెట్టుతో పాటే గదీ బుక్ చేసుకోవాలి. చవగ్గా వచ్చిందని ఊరి మధ్యలో బార్ల వీధిలో ఒక హోటల్లో దిగిన మా స్నేహితులకి తెల్లవారుజాము దాకా నిద్రలేదు. పిల్లలతో వెళ్తే ఆ వైపు వద్దు. శాకాహారులకి భోజనం కావాలంటే బోల్డ్ స్ట్రీట్‌కి వెళ్లాలి. 2014లో మొదలైన మౌగ్లీ అనే ఇండియన్ రెస్టారెంట్లో చాట్ దగ్గర్నుంచి పప్పు దాకా దొరుకుతాయి.

మర్నాటికి మ్యూజియం ఆఫ్ లివర్‌పూల్ పెట్టుకోండి, టికెట్టు కొనక్కర్లేదు. టేట్ గ్యాలరీ, మారిటైమ్ మ్యూజియం, బానిస వ్యాపారం మీద ఉన్న మ్యూజియం పునర్నిర్మాణం కోసం మూశారు. తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి. ఈ ఊరి సంపదలో బానిస వ్యాపారం వాటా ఎంతో చెప్పే ఆ చివరిదాన్ని మాత్రం తెరిచి ఉంటే వదులుకోవద్దు. అరీనా ముందున్న జెయింట్ వీల్ 60 మీటర్ల ఎత్తు, పిల్లలు ఎక్కుతామంటారు. నన్నడిగితే ఆ డబ్బు పియర్ హెడ్ రేవు నుంచి బయల్దేరే 50 నిమిషాల ఫెర్రీకి పెట్టండి. లివర్ బిల్డింగ్, గోదాములు, అరీనా అన్నీ నది మీద నుంచి ఒకేసారి కనిపిస్తాయి, పెద్దవాళ్లు కూర్చునే చూడొచ్చు.